నోట్లో కోటు బొత్తాం

ఫిబ్రవరి 3, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. ఎవరితోనైనా అంటే మాట పెరుగుతుంది, అందుకని ఫోన్లో కొడుతున్నాను. బొత్తాలూ జిప్పులూ అమ్మే మా కొట్లో బేరాల్లేవు. మా అమ్మాయి గుండీ నా పక్కనే స్టూలెక్కి కూర్చుని తెరలోకి తొంగి చూస్తోంది. చూడనీ. దానికి చదవడం రాదని వాళ్ళ టీచరమ్మే చీటీ రాసి పంపిందిగా, ఇంక నాకేం భయం!

చీటీ ఇదీ. "పాప పుస్తకం అప్పజెబుతోంది గానీ చదవడం లేదు. మార్చి రెండో వారంలో అందరినీ ఒక్కొక్కరిగా చదివించి చూస్తాం. అప్పటికీ కొత్త పేజీ చదవలేకపోతే ఇంకో ఏడాది ఒకటో తరగతిలోనే ఉంచడం మంచిదనుకుంటున్నాను. ఒకసారి వచ్చి కలవండి."

మళ్ళీ ఒకటో తరగతా? స్నేహితులంతా పై తరగతికి పోతుంటే ఇది ఒక్కతీ అదే బల్ల మీద కూర్చోవాలా? రోజూ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని 'పడవలో పిల్లి' గడగడా చదివేస్తుంది. మా అత్తగారే సాక్ష్యం. ఆవిడ నా తరఫున సాక్ష్యం చెప్పడం ఈ ఇంట్లో పెళ్ళయినప్పట్నుంచి ఇదే మొదలు.

అసలు దీని బుర్ర సంగతి టీచరమ్మకేం తెలుసు? కొట్లో రెండొందల పైచిలుకు డబ్బాలున్నాయి, ఒక్కదాని మీదా చీటీ లేదు. చీటీలంటించే అలవాటు మా నాన్నకీ లేదు, నాకూ లేదు. ముత్యాల బొత్తాలు కిటికీ వైపు మూడో అరలో, మూత సొట్టపడ్డ డబ్బాలో ఉంటాయి. నల్ల జిప్పులు దాని కింద. గుండీ కళ్ళు మూసుకుని తెచ్చిస్తుంది. అలాంటి పిల్లకి చదవడం రాదట!

రేపు వెళ్ళి గట్టిగా అడుగుతాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

గట్టిగా అడగలేదు. అడిగే సందివ్వలేదు ఆవిడ.

బక్కపల్చటి మనిషి, గొంతు బొంగురు, కళ్ళజోడు దారంతో మెళ్ళో వేలాడుతోంది. నన్ను చిన్నపిల్లల కుర్చీలో కూర్చోబెట్టింది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆ కుర్చీలో కూర్చుని మనిషన్నవాడెవడూ పోట్లాడలేడు, అందుకే వేసి ఉంటుంది.

గుండీ నా ఎదురుగా నిలబడి 'పడవలో పిల్లి' మొత్తం చదివింది. నేను టీచరమ్మ వైపు చూశాను, ఎలా ఉంది అన్నట్టు. ఆవిడ వేరే పుస్తకం తీసి మధ్యలో ఓ పేజీ మా ఇద్దరికీ కనబడేలా తెరిచి, బొమ్మ మీద అట్టముక్క పెట్టింది. గుండీ అదీ చదివింది. నెమ్మదిగానే, కానీ చదివింది! రెండు మాటలు.

"మీరు కాస్త ఆ కిటికీ దగ్గర, పాప వెనకాల నిలబడతారా?" అంది టీచరమ్మ.

నిలబడ్డాను. గుండీ ఆగిపోయింది. ఒక్క అక్షరం లేదు. మెడ తిప్పి తిప్పి నా కోసం చూస్తోంది.

"భయపడిందండీ. నేను కనబడకపోతే భయపడుతుంది" అన్నాను.

"అయ్యుండొచ్చు" అంది. వాదిస్తే బావుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. "మీ కొట్టు ఎన్నింటికి తెరుస్తారు?"

"పదింటికి."

"మాకు ఎనిమిదిన్నరకి చదువుకునే గంట మొదలవుతుంది. మూడు పొద్దులు వచ్చి వెనక కూర్చోండి. ఆ తర్వాత నన్ను ఏమన్నా అనండి, వింటాను."

ఫిబ్రవరి 5, బుధవారం

వెళ్ళలేదు. నాకేం పనీపాటా లేదా.

ఫిబ్రవరి 6, గురువారం

వెళ్ళాను. మా ఆవిడ నా చెప్పులు గుమ్మంలో పెట్టి మరీ పంపింది.

ఇరవై ఆరుమంది. సంత కంటే గోలగా ఉంటుందనుకున్నాను. ఆవిడ బొంగురు గొంతుతో మెల్లగా మాట్లాడుతుంది, అది వినపడాలని పిల్లలే నోళ్ళు మూసుకుంటున్నారు. నేను ఇరవై ఏళ్ళుగా కొట్లో అరుస్తున్నాను, ఈ కిటుకు తట్టనే లేదు.

ఓ పిల్లాడిని పుస్తకంతో లేపింది. వాడికి 'నడక' దగ్గర బండి ఆగింది. న... డ... అని గుటకలు మింగుతున్నాడు. ఆవిడ వాడికి ఎదురుగా లేదు, పక్కనే చిన్న పీట మీద కూర్చుని వాడి కళ్ళు పుస్తకంలో ఎక్కడున్నాయో చూస్తోంది. సాయం చెయ్యదు. తిట్టదు. ఊరికే కూర్చుంది. మిగతా పిల్లల్లో తెలిసినవాళ్ళంతా ముక్కు పట్టుకున్నారు. అదీ అక్కడి పద్ధతి. తెలిస్తే చెప్పకూడదు, ముక్కు పట్టుకోవాలి. ఇరవైమంది పిల్లలు ముక్కులు పట్టుకుని ఒక్క పిల్లాడి కోసం ఆగి ఉన్నారు. నాకు ఊపిరాడలేదు.

"నడక!" అన్నాను.

నేనే. పైకే అనేశాను. ఇరవై ఆరు తలలు వెనక్కి తిరిగాయి.

ముందు వరసలో ఓ పళ్ళూడిన పిల్ల, "అంకుల్, ముక్కు!" అంది.

ముక్కు పట్టుకున్నాను. గుండీ బల్ల కింద దూరింది. ఆ పిల్లాడు నా వైపు చూసిన చూపు మాత్రం ఇంకా కళ్ళల్లోనే ఉంది. వాడి చేతికందబోతున్న పండుని నేను కోసుకు తినేసినట్టు చూశాడు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఇవాళ నోరు విప్పలేదు. ముక్కు ఎర్రబడింది.

ఆవిడ ఎంతసేపు ఆగుతుందో లెక్కపెట్టాను. ఏడు అంకెలు. ఒక్కోసారి పది. పిల్ల తప్పు చదివినా వెంటనే దిద్దదు. వాక్యం చివరిదాకా పోనిచ్చి, "ఇప్పుడు నువ్వు చదివింది నీకే సరిగ్గా అనిపించిందా?" అంటుంది. పిల్లే వెనక్కి వెళ్ళి వెతుక్కుంటుంది. దొరికాక ఆ మొహం చూడాలి. అరలో ఎక్కడో పోయిందనుకున్న డబ్బా దొరికినట్టు ఉంటుంది.

నేనైతే మాట సగంలో ఉండగానే అందించేస్తాను. బేరానికొచ్చినవాళ్ళకీ అంతే. "జిప్పు..." అనేసరికి "నలుపు, ఎనిమిదంగుళాలు, ఇదిగో" అంటాను. అది చురుకుదనం అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఫిబ్రవరి 10, సోమవారం

మూడో పొద్దు. పిల్లలు ఆటకి బయటికెళ్ళాక ఆవిడ తన నోటుపుస్తకం చూపించింది. పిల్లకో పేజీ. మార్కులు లేవు, ఉన్నవన్నీ తప్పులే.

"వీడు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తాడు. ఈ పిల్ల చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. దీనికి అన్నీ వచ్చు, గొంతే పెగలదు, అందుకని నా చెవిలో చదువుతుంది" అని వేలితో చూపిస్తూ చెప్పుకుపోయింది. "తప్పెక్కడుందో తెలిస్తేనే కదండీ, ఎక్కడ చెయ్యి పట్టుకోవాలో తెలిసేది."

నాకు రెండొందల డబ్బాలు తెలుసని గొప్ప. డబ్బాలు కదలవు. ఈవిడ డబ్బాలు గెంతుతాయి, ఏడుస్తాయి, మూడు నెలలకోసారి మారిపోతాయి. అన్నీ ఎక్కడెక్కడున్నాయో ఈవిడకి తెలుసు.

గుండీ పేజీ తిప్పింది. ఒక్కటే వాక్యం, నేను వెళ్ళిన మంగళవారం తారీకుతో.

"పుస్తకం కాదు, నాన్న పెదాలు చదువుతోంది."

ఫిబ్రవరి 11, మంగళవారం

అద్దం ముందు కూర్చుని 'పడవలో పిల్లి' మనసులో చదువుకున్నాను. పెదాలు కదులుతున్నాయి. ప్రతి మాటకీ.

ఫిబ్రవరి 13, గురువారం

సాయంత్రం గుండీ చదువుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మా అత్తగారు ఊరుకుంటుందా? "అల్లుడుగారూ, నోరు మూశారు సరే, ఆ కనుబొమ్మల్నెవరు మూస్తారు?" అంది. నిజమే, కరెక్టయితే లేస్తున్నాయి, తప్పయితే ముడిపడుతున్నాయి. పిల్ల నుదురు చూసి చదివేస్తోంది.

ఆవిడ మాత్రం తక్కువా! గుండీ ఆగితే చాలు, వంటింట్లోంచి అందించేస్తుంది, అదీ తప్పు మాట. ఈవిడ గనక ఆ క్లాసులో కూర్చుంటే పిల్లలు ముక్కులు పట్టుకోరు, చెవులు మూసుకుంటారు.

ఫిబ్రవరి 17, సోమవారం

చదివించి చూసే రోజుకి ఇంకో నాలుగు వారాలు కూడా లేవు. బొమ్మ మూసేస్తే గుండీ మూడు మాటలకి మించి పోవడం లేదు.

పుస్తకాల కొట్టతను చెప్పాడు, ఆ బడిలో చదివించి చూసేవన్నీ 'పడవలో పిల్లి' వరసలోవేనట. తర్వాతిది 'కొండ మీద మేక'. తెచ్చాను. ఇందులో తప్పేం ఉంది? దర్జీ కొత్త గుడ్డ కోసేముందు పాత గుడ్డ మీద కత్తెర ఆడించి చూసుకుంటాడు. ఇదీ అంతే, తయారీ. నేను చదువుతున్నాను, అది నా వెంట చెబుతోంది. రెండు రోజుల్లో సగం వచ్చేసింది. ఎంత జ్ఞాపకమో బంగారు తల్లికి!

టీచరమ్మకి చెప్పొద్దన్నాను. ఊరికే. ఆవిడకి ఆశ్చర్యంగా ఉండాలని.

ఫిబ్రవరి 19, బుధవారం

పుస్తకం మొత్తం వచ్చేసింది. తయారీ అంటే ఇదీ.

ఫిబ్రవరి 21, శుక్రవారం

రాయాలని లేదు.

టీచరమ్మ ఇవాళ క్లాసులో 'కొండ మీద మేక' తీసిందట. గుండీ నీళ్ళలా చదివిందట. ఆవిడ పేజీలు తిప్పుతుంటే రెండు కలిసి పడ్డాయట. గుండీ ఆగలేదు. కనపడని పేజీ కూడా చదివేసింది.

ఆవిడ పుస్తకం మూసేసిందట. క్లాసంతా ముక్కు పట్టుకోమని, గుండీని తన పీట మీద కూర్చోబెట్టుకుని, "ఈ పుస్తకం నీకు ముందే తెలుసు కదమ్మా" అందట. గుండీ చెప్పేసింది. "నాన్న నేర్పారు. మీకు చెప్పొద్దన్నారు."

ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే అడిగింది నన్ను.

"నాన్నా, నాకు చదవడం వచ్చినట్టా, రానట్టా?"

కింద కూర్చుని దాని బూట్ల లేసులు విప్పాను. 

ఫిబ్రవరి 22, శనివారం

మధ్యాహ్నం కొట్టుకి టీచరమ్మ వచ్చింది. స్టూలు తుడిచి వేశాను. తిడుతుందని తయారుగా ఉన్నాను, నిజానికి తిడితే బావుండుననుకున్నాను. ఆవిడ బొత్తాలు అడిగింది. చిన్నవి, పిల్లల వేలికి జారేవి, వంద.

"ఎందుకండీ?"

కౌంటరు మీద మూడు బొత్తాలు వరసగా పెట్టింది. ఒకదాన్ని వేలితో ముందుకి జరిపి "ప" అంది. రెండోది, "డ". మూడోది, "వ". అప్పుడు మూడింటి కిందా వేలు గీసుకుంటూ పోయి, "పడవ" అంది. "కొంతమంది అక్షరం చేతికి తగిలితే గానీ నమ్మరు. మీ అమ్మాయి ఈ కొట్లోనే పెరిగింది కదా, చేతులతో బాగా నేర్చుకుంటుందనుకుంటున్నాను."

నేను తల వంచుకుని డబ్బా మూత గోకుతున్నాను. "నేను చేసింది..."

"మీరు చేసింది నేను ఏడేళ్ళు చేశాను" అంది. "కొత్తలో క్లాసంతా కలిసి అరిచేవాళ్ళు, నేను వెంట అరిచేదాన్ని. భలే చదువుతున్నారని మురిసిపోయేదాన్ని. ఓ పిల్ల ఏడాదంతా అందరి కంటే గట్టిగా అరిచింది. ఆఖరి రోజు ఆ పిల్ల ఒక్కతే మిగిలితే పుస్తకం ఇచ్చాను. తలకిందులుగా పట్టుకుని మొదలుపెట్టింది." బొత్తాల్ని ఒక్కచోటికి పోగుచేసింది. "ఆ రోజు నుంచే ఒక్కొక్కరి పక్కనా కూర్చోవడం మొదలుపెట్టాను. గొంతు అప్పటికే పోయింది."

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి, ఎవరూ అడక్కుండానే వచ్చి తన తప్పు నా కౌంటరు మీద పెట్టింది, నా తప్పు ఒంటరిగా కనబడకుండా.

లేస్తూ డబ్బాలో చెయ్యి పెట్టి ఓ పెద్ద కోటు బొత్తాం తీసింది. గోధుమరంగుది, నాలుగు రంధ్రాలది.

"ఇది పాపకి కాదు, మీకు. దర్జీలు పెట్టుకుంటారే, అలా పెదాల మధ్య పెట్టుకోండి. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. పాప తనంతట తను పూర్తిచేసేదాకా తియ్యకండి."

"అప్పటికీ రాకపోతేనండీ?"

"వస్తుంది. మీకు తెలిసిన మాట కదా, అందుకే ఆలస్యమైనట్టు ఉంటుంది మీకు. తనకది కొత్త."

ఫిబ్రవరి 23, ఆదివారం

బొత్తాం ప్లాస్టిక్ రుచి. గుండీ నాలుగు మాటలు చదివింది. అర్ధగంట పట్టింది. చెమటలు నాకు.

ఫిబ్రవరి 27, గురువారం

నా ముద్దుల కస్టమరు దర్జీ వచ్చాడు. కౌంటరు మీద గుండీ బొత్తాలు జరుపుతోంది, నేను పక్కన కోటు బొత్తాంతో.

"కాలరు గుడ్డ కావాలి" అన్నాడు. నేను ఆగమని చెయ్యి చూపించాను. "ఏంటి, గొంతు పోయిందా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "మా ఇంటావిడకి కూడా ఒకటి ఇవ్వవయ్యా ఆ బొత్తాం, ఎంతైనా ఇస్తాను" అన్నాడు. నవ్వాపుకోలేక దగ్గొచ్చింది, బొత్తాం వెళ్ళి వాడి జేబులో పడింది. గుండీ తలెత్తకుండా, "దగ్గినా సరే నాన్నా, చెప్పకూడదు" అంది.

క... డ... లి. కడలి. దానర్థం తెలీదు దానికి, అడిగింది. చెప్పాను. "మరి సముద్రం అనొచ్చుగా, ఎందుకు కష్టపెట్టడం" అంది.

మొన్నటిదాకా ఇది మాట గురించి ఏమీ అడిగేది కాదు. అడుగుపెట్టని ఇంటి గురించి ఎవరు అడుగుతారు?

మార్చి 3, సోమవారం

నిన్న సెలవు. నేనూ మా ఆవిడా కలిసి డబ్బాలన్నీ దించి, చీటీలు రాసి అంటించి, చోట్లు మార్చేశాం. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "శుభ్రంగా ఉన్న కొట్టుకి భూకంపం తెప్పించారు" అంది. చీటీలు మాత్రం ఆవిడే అంటించింది, కొన్ని తలకిందులుగా.

ఇవాళ నాకే ఏదీ దొరకలేదు. ముత్యాల బొత్తాల కోసం కిటికీ దగ్గరికెళితే అక్కడ సూదులున్నాయి. గుండీ స్టూలు జరుపుకుంటూ ఒక్కో చీటీ కింద వేలు పెట్టి కదిలింది. బేరానికొచ్చినావిడ తొందరలో ఉంది. నేను బొత్తాం పెట్టుకుని ఆవిడకి దణ్ణం పెట్టాను, కాసేపు ఓపిక పట్టమని. ఏమనుకుందో ఏమో, కూర్చుంది.

"ము... త్యా... లు." డబ్బా దించింది.

ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. ఎవరో కూడా తెలీదు నాకు.

మార్చి 8, శనివారం

గుండీ చదువు వెనక్కి పోయింది. నిన్న చదివిన మాట ఇవాళ రాలేదు. పుస్తకం విసిరేసింది. "నువ్వే చెప్పెయ్యి నాన్నా, ఒక్కసారే" అంది. గడ్డం పట్టుకుంది.

చెప్పలేదు. ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు. ఆ టీచరమ్మ రోజుకి ఇరవై ఆరుసార్లు చేస్తుంది, గడ్డం పట్టుకునే ఇరవై ఆరుమందికి.

మార్చి 14, శుక్రవారం

పెద్దవాళ్ళు లోపలికి రాకూడదన్నారు. వరండాలో గోడకానుకుని నిలబడ్డాను. కిటికీ తెరిచే ఉంది. నేను కనబడకుండా పక్కకి జరిగాను.

కొత్త పేజీ. ఏ కొట్లోనూ దొరకదు. ఏ పిల్లకి ఏం కావాలో చూసుకుని టీచరమ్మే తన చేత్తో రాసిందట, ఇరవై ఆరు పేజీలు.

గుండీ గొంతు వినబడుతోంది. గడగడ లేదు. ముక్కలు ముక్కలు. మధ్యలో చెక్క మీద బొత్తాం జరిగిన చప్పుడు. ఓ వాక్యం అయింది. రెండోది అయింది. మూడో దాంట్లో ఆగింది.

జేబులోంచి తీసి పెదాల మధ్య పెట్టుకున్నాను. వరండాలో, నన్నెవరూ చూడని చోట, నాకా మాటేంటో కూడా తెలీదు. ఒకటి. రెండు. ఏడు దాటింది. పది దాటింది. లోపల టీచరమ్మ కూడా ఉలకలేదు, పలకలేదు. ఆవిడ మౌనం గోడవతల నుంచి కూడా ఆసరాగా ఉంది. పదమూడు.

"కి... టి... కీ. కిటికీ. కిటికీ తెరిచింది అమ్మ."

వెంటనే మళ్ళీ మొదటికి వెళ్ళి వాక్యం మొత్తం చదివింది. ఎవరూ అడగలేదు, తనే.

బయటికొచ్చి నా నోట్లో బొత్తాం చూసి, "నువ్వు బయటున్నావుగా, ఎందుకు పెట్టుకున్నావు?" అంది. బొత్తాం తీసి జేబులో వేసుకున్నాను.

టీచరమ్మ గుమ్మం దగ్గరికొచ్చి, "పై తరగతికి వెళుతుంది. నెమ్మదిగా చదువుతుంది, నెమ్మదిగానే చదవనివ్వండి. బొత్తాలు వెంట తెచ్చుకోనివ్వండి, అక్కడి టీచరుకి చెప్పాను" అంది. థాంక్సన్నా చెప్పాలని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే ఇంకో పిల్లని పిలుస్తోంది. లోపల పీట మీద పక్కకి జరిగి చోటు చేసుకుంటోంది.

మార్చి 16, ఆదివారం

కొట్టు సెలవు. వరండాలో కూర్చుని మొదటి నుంచీ రాసిందంతా ఓసారి చూసుకుంటున్నాను. గుండీ ఎప్పట్లాగే పక్కన చేరి తొంగి చూస్తోంది.

"అది నా పేరు" అంది.

తెర మీద వేలు పెట్టింది. గుం... డీ. నేను గబుక్కున జేబు తడుముకుని బొత్తాం పెట్టుకున్నాను. ఫోను లాక్కోవాలని చెయ్యి వెళ్ళింది, ఆపుకున్నాను. వేలు కదులుతోంది. ఓ మాట వదిలేస్తోంది, ఓ మాట పట్టుకుంటోంది. నా కనుబొమ్మల వైపు ఒక్కసారీ చూడలేదు.

ఓచోట ఆగింది. పెద్ద మాట. ఐదు. ఆరు. తొమ్మిది.

"అ... త్త... గా... రు. అత్తగారు!" అని తలెత్తి, లోపలికి వినబడేలా అరిచింది. "అమ్మమ్మా, నాన్న ఫోన్లో నీ గురించి రాసుకున్నాడు! ఉండు, చదివి వినిపిస్తాను!"

బొత్తాం తీస్తే గానీ ఆపలేను. తీస్తే మాట తప్పినట్టు.

అత్తగారు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంది.